సికింద్రాబాద్ అందరి తరఫున

కరాచీ నుంచి తమ్ముడు నాసర్ పంపిన పత్రిక ముక్కను కుట్టుమిషన్ మీద పరిచి, దర్జీ జమాలుద్దీన్ పళ్లు నూరాడు.

"విన్నవా, జాన్ బీ? సికింద్రాబాద్‌ల ఒక్కడు సుత ఇండియా ఓటు ముట్టడట! అందరి తరఫున చెప్తున్నని మన నాసర్ కరాచీ మీటింగుల అన్నడట. పోలీస్ యాక్షన్ అయినంక పడవెక్కి పోయినోడు, నన్నొక మాట అడిగిండా?"

పరదా వెనక భార్య బియ్యం ఏరుతూనే ఉంది.

అంతలో ఓటర్ల జాబితా పట్టుకుని గుమాస్తా తుకారాం గడప ఎక్కాడు.

"అందరికంటె ముందు నా పేరు రాయి సాబ్! కరాచీ దాకా తెలవాలె."

"రాసిన. ఇంట్ల ఆడోళ్లు?"

"జమాలుద్దీన్ భార్య అని రాస్కో."

"గట్ల చెల్లది భాయ్, పేరు గావాలె."

"పేరెందుకు? ఆమె ఓటు సుత నేను చెప్పినోళ్లకే. ఆమె తరఫున నేను చెప్తున్న గద!"

పరదా వెనక గాజులు గలగలలాడాయి.

"జాన్ బీ అని రాయుండ్రి సాబ్. నాసర్ అంటే సముద్రం దాటి పోయిండు, అడగలే. ఈయన పరదాకు అవతలనే ఉన్నడు. ఈయన సుత నన్నడగలే."