కంపు మూట

"ఇరవై కిలోలు దాటితే జడ్జి కాళ్లు పట్టుకున్నా పదేళ్లకు తగ్గదు," అన్నాడు ఎస్సై, గంజాయి మూటను లేపి చూస్తూ. "ఇది ఇరవై రెండుకు తక్కువ ఉండదు."

తిరుపాల్ గోడకు ఆనుకున్నాడు. ఇంటి దగ్గర సుమకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ నాలుగో తరగతికొచ్చాక గానీ తండ్రి మొహం చూడదు.

అది 2003. ధర్మవరంలో షావుకారు పట్టు తూచి ఇవ్వడం మానేశాక తిరుపాల్ మగ్గం ఆగిపోయింది. హిందూపురంలో ఎవరో మూట ఇచ్చి, మీ ఊళ్లో దించితే చాలన్నారు. లోపల ఏముందో తెలిసే ఒప్పుకున్నాడు. తెల్లవారుజామున జోరువానలో, బస్సు టాపు మీద మూట నానిపోయింది. పెనుకొండ బస్టాండులో పోలీసులు దించారు.

తూకం ఎమ్మార్వో ఎదుట జరగాలి. ఆయన్ను పిలుచుకురావడానికి ఎస్సై వెళ్లాడు. కాపలాకు హెడ్ కానిస్టేబుల్ నల్లప్ప మిగిలాడు.

"ఏం పని చేస్తావురా?"

"మగ్గం నేస్తా సార్."

నల్లప్ప కిటికీలోంచి ఉమ్మేశాడు. "అనుకుంటి. చీర తడిపి తూకానికిచ్చి, మిగిలిన పట్టు అమ్ముకునే బాపతు. షావుకారును ముంచేది అయిపాయె, ఇప్పుడు గంజాయికి దిగినారు."

"మా ఇంట్లో ఎవురూ అట్లాంటి పని చేయల్యా సార్."

"నోరు ముయ్. ఈ కంపు నా స్టేషన్లో పెట్టుకుంటాననుకుంటివా? మిద్దె మీదికి మొయ్."

అప్పటికి వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. మూట విప్పి గచ్చు మీద పరచమన్నాడు నల్లప్ప. తిరుపాల్ నీడకు జరగబోతే లాఠీతో పొడిచాడు.

"కూచోబెట్టి మేపేదానికి ఇదేమన్నా మీ అత్తగారిల్లా? తిరగెయ్. కిందిది పైకి రావల్ల."

ఏ పాడు సరుకుతో పట్టుబడ్డాడో దాన్నే పొద్దంతా చేతులతో కెలకాల్సి వచ్చింది. పశువును కూడా ఇంత హీనంగా చూడరనుకున్నాడు తిరుపాల్.

మధ్యాహ్నం నల్లప్ప ఒక పొట్లం విసిరాడు. "కుక్కలు గూడా ముట్టల్యా. నువ్వు తిను."

పొట్లంలో ఇడ్లీలు వేడిగా ఉన్నాయి.

గోరంట్ల వెళ్లిన ఎమ్మార్వో తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. జీపు చప్పుడు దూరాన వినగానే నల్లప్ప లాఠీ ఝళిపించాడు.

"ఎత్తురా, సోంబేరీ. ఆకు రాలితే తోలు తీస్తా."

మూట కిందికి దిగింది. కాటా వేశారు. పద్దెనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఎస్సై మళ్లీ వేయించాడు. అంతే.

"పొద్దున చేతికి ఇంకా బరువుగా తగిలిందే?"

"పొద్దున మీరు టిఫిన్ చేయల్యా కద సార్," అన్నాడు నల్లప్ప.

ఎస్సై నవ్వలేదు. పంచనామా మీద సంతకాలయ్యాయి. "బతికిపోయావు పో," అన్నాడు తిరుపాల్‌తో విసుగ్గా. "ఇక ఎన్నాళ్లు వేస్తాడన్నది జడ్జి ఇష్టం."

తిరుపాల్ ఇంకా కాటా వైపే చూస్తున్నాడు. నల్లప్ప మెడ పట్టి బయటికి నెట్టుకుపోయాడు.

జీపెక్కించి బేడీలు బిగిస్తూ, అదే ఈసడింపు గొంతుతో, తిరుపాల్‌కు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "తడి చీర తూచిచ్చి షావుకారును ముంచినోడు మా నాయనేరా, ఆరితే ఎంత తగ్గుతాదో నాకొకరు నేర్పల్లనా?"