లకుముకి పిట్ట మొర

కొండ కింద వాగు గట్టులో బొరియ చేసుకుని ఒక లకుముకి పిట్ట పిల్లల్ని సాకుతోంది. కొండమీద ఒక ముళ్లపంది దుంపల కోసం రోజూ తవ్వేది. అది తోడిపోసిన బొగ్గులాంటి మట్టి జారి వాగులో కలిసింది. నీళ్లు నల్లబడిపోయి, పైనుంచి ఎంత చూసినా లకుముకికి చేప కనబడలేదు.

లకుముకి వెళ్లి అడవికి పెద్ద అయిన తాబేలుతో మొరపెట్టుకుంది. తాబేలు ముళ్లపందిని పిలిపించి, "నీ తవ్వకం వల్ల వాగు పాడవుతోందట కదా" అంది.

"కొండమీద తవ్వేది నేనొక్కదాన్నేనా? కుందేళ్లు తవ్వవా, ఎలుకలు తవ్వవా? ఆ మట్టి నాదేనని తేల్చండి, మానేస్తాను" అంది ముళ్లపంది.

ఎవరికీ అన్యాయం జరగకూడదని తాబేలు పట్టుదల. కొండమీద ఒక్కో బొరియ దగ్గరికీ మెల్లగా నడిచి వెళ్లి మట్టి చూసింది. ముళ్లపంది మాత్రం తవ్వుతూనే ఉంది.

చివరికి తాబేలు వాగు దగ్గరికి వచ్చింది. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. ఆ మట్టి ముళ్లపందిదే. ఇక తవ్వొద్దని చెప్పేశాను" అంది.

లకుముకి కొమ్మమీద ఒంటరిగా కూర్చుని ఉంది. గట్టులో బొరియ నుంచి ఏ అలికిడీ లేదు.

"పిల్లలేరీ?" అని అడిగింది తాబేలు.

"ఆకలికి తట్టుకోలేకపోయాయి తాతా" అంది లకుముకి. "సంగతి తేలేదాకా తవ్వకం ఆపమని ఒక్క మాట అనివుంటే బాగుండేది."

తాబేలుకు ఆ ఆలోచన అప్పటిదాకా రానే లేదు.