నూలు ముడులు

“కాపీ అనిరా?” అంగమ్మాళ్ అడిగింది.

“అనిరి అవ్వా. కోయంబత్తూరు ఎగ్జిబిషన్‌కు ఎనిమిది బొమ్మలు పంపిస్తే ఎనిమిదీ తిప్పి పంపిరి. అన్నీ మీ బొమ్మల మాదిరే ఉండాయంట.”

తిరిగొచ్చిన వాటిలో ఒక పటాన్ని తమిళరసన్ సంచిలోంచి తీశాడు. సూలూరు పవర్‌లూమ్ షెడ్డులో వారమంతా పనిచేసి, ఆదివారాలు బొమ్మలు వేసుకునే మనిషి అతను. పదిహేనేళ్ల వయసులో, లైబ్రరీ పుస్తకంలో అంగమ్మాళ్ వేసిన మిల్లు ఆడవాళ్ల చిత్రం చూసినప్పటి నుంచీ ఆమే అతనికి గురువు. ముఖాలు లేకుండా, నాలుగు గీతల్లో అలసటంతా చూపించిన బొమ్మ అది. యాభై ఏళ్ల కిందట ఊరు ఊరంతా నవ్వినా ఆమె ఆ గీతను మార్చుకోలేదు. ఇవాళ ఆ చుట్టుపక్కల కుంచె పట్టినవాళ్లలో ఆమె గడప తొక్కనివాళ్లు లేరు. తమిళరసన్‌కే ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు.

ఆమె కూడా కాపీ అంటే ఇక కుంచె ముట్టకూడదని నిశ్చయించుకునే వచ్చాడు.

“ఇట్ల ఒళ్లో పెట్టు కణ్ణు,” అంది అంగమ్మాళ్.

పెట్టాడు. ఆమె తల వంచి, పటం మీద వేళ్లు ఆనించి, పై అంచు నుంచి కిందిదాకా నిదానంగా జరిపింది. ఒకచోట ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. రంగును గోటితో తట్టింది. పెద్దవాళ్ల పరిశీలన ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు అతను.

“రంగు లోపల ఏం పెడితివి?”

“షెడ్డులో తెగిన నూలు అవ్వా. మా అమ్మ దినమంతా అక్కడ ముడులు వేస్తా ఉండె. ఆ నూలునే అట్ల అతికిస్తి.”

“నా గీత నున్నంగ పోతాది. నీది ముడి ముడికీ నిలిచి పోతాది. ఇన్నేళ్లలో నాకు ఇది తోచనే లేదు.” ఆమె పటాన్ని గుండెకు ఆనించుకుంది. “ఇది నాది కాదు సామీ, నీది. నేను చెప్తినని పోయి వాళ్లతో చెప్పు. తొమ్మిదోది వేసినంక మళ్లా తే.”

తమిళరసన్ ఆమె కాళ్లకు మొక్కి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సాగనంపడానికి అంగమ్మాళ్ కోడలు రాసాత్తి గేటుదాకా వచ్చింది.

“నా బొమ్మను ఇంత ఓపికగా ఎవరూ చూడలేదక్కా.”

రాసాత్తి ఒకసారి ఇంటివైపు చూసి, గొంతు తగ్గించింది.

“ఒకటి చెప్తా తంబీ, ఎవురికీ చెప్పొద్దు. తెలిస్తే మీ మాదిరి పడుచోళ్లు బొమ్మలు తెచ్చేది నిలిపేస్తారని అత్తకు భయం.”

“ఏమక్కా?”

“అత్తకు చూపు పోయి పన్నెండేళ్లాయె.”