నలభై

"ఇయ్యాల బిడ్డతోని రాజీనామా ఇప్పించినంకనే ఇంటికొస్త," అంటూ విజయేందర్ కారును రింగ్‌రోడ్డు ఎక్కించాడు. "పెండ్లికి ముందే నౌకరి బందు చెయ్యాలని పిల్లగానోళ్లు అన్నరు. అయిపాయె."

పక్కన కూర్చున్న భార్య కల్పలత మారేడ్‌పల్లి నుంచి ఇదే మాట వింటోంది.

పైన వేగ పరిమితి బోర్డు మీద వంద ఉండాల్సిన చోట ఎనభై కనిపించింది. తర్వాతి బోర్డు మీద అరవై. ఆ తర్వాత నలభై.

"రోడ్డంత ఖాళీ ఉన్నది. నలభై ఏందీ?"

"మన అనుపమ పెట్టుంటది. కంట్రోల్ రూముల కూసొని ఈ నంబర్లు మార్చుడే గదా దాని డ్యూటీ."

"నా మాట ఇనదు గని, నన్ను దాని మాట ఇనమంటదా?"

"బిడ్డ మాట కాదు, బోర్డు మాటన్న ఇనుండ్రి."

విసుగ్గా వేగం తగ్గించాడు. మలుపు తిరగగానే టమాటా లారీ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ముందున్న బండ్లన్నీ ఒకదానికొకటి తగలకుండా, ఒకే వరసలో మెల్లగా దాటుతున్నాయి. లారీ డ్రైవరు పక్కన కూర్చుని టమాటా తింటున్నాడు.

వెనక కారువాడు ఆపకుండా హారన్ కొట్టాడు. విజయేందర్ అద్దం దించి తల బయటపెట్టాడు.

"బోర్డు కనవడ్తలేదా? నలభై! మా బిడ్డ పెట్టింది!"

అద్దం ఎక్కించాడు. అప్పుడే కల్పలత ఫోను మోగింది. ఎత్తి విని, భర్త వైపు తిరిగింది.

"పిల్లగానోళ్లు. నౌకరి ముచ్చట జల్ది చెప్పమంటున్నరు. ఏం చెప్పాలె?"

విజయేందర్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"వాళ్లను సుత నలభైల రమ్మను."