కొలత పెట్టె

బల్ల మీద పెట్టిన ప్లాస్టిక్ తలకాయలోకి పెన్నంత గొట్టం దూర్చి, టెక్నీషియన్ స్కానింగ్ మిషన్ నడిపాడు. గొట్టానికి తగిలించిన చిన్న పెట్టె కుయ్‌మంది. ఈ మిషన్ మనిషి తలకు ఎంత రేడియేషన్ డోసు కొడుతోందో ఇక ఆ పెట్టే చెప్పాలి.

అనుమానం ఊరికే రాలేదు. ఈ ఆసుపత్రిలో తలకు స్కాన్ తీయించుకున్నవాళ్లకు నెల తిరక్కుండానే చెవి నుంచి చెవిదాకా జుట్టు పట్టీలా రాలిపోతోంది. పెద్ద డాక్టరుతో చెబితే, "నీ తృప్తి నీది, కొలుచుకోవయ్యా" అని నవ్వాడు.

అంకె చూద్దామని వంగేలోగా తలుపు ఊడి లోపల పడింది.

వచ్చినవాడు తలుపంత మనిషి. చేతిలో ఇనప రాడ్డు.

"నా కూతురి తల కాల్చిన వెధవవి నువ్వేనా?"

జవాబు వినే ఓపిక లేదు వాడికి. ఒక దెబ్బకు అద్దాల కిటికీ, ఇంకో దెబ్బకు కంప్యూటరు. ఆ తర్వాతది టెక్నీషియన్ భుజం మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు అతనికే వినిపించింది.

"చిన్నపిల్లరా! బడికి పొమ్మంటే తలకు గుడ్డ కట్టుకుని మూల కూర్చుంటోంది! నీకు పిల్లలున్నారా, లేక ఈ మిషన్నే కన్నావా?"

టెక్నీషియన్ చెయ్యి అడ్డం పెట్టలేదు. అతనికీ ఆ ఈడు పిల్లే ఉంది. కన్న కడుపు మండితే ఇలాగే ఉంటుంది అనుకున్నాడు. నెత్తురు ఉమ్మి, "నన్ను కొట్టన్నా" అన్నాడు.

వాడు మొహమాటపడలేదు. అతని పక్కటెముకలు విరగ్గొట్టి, మిషన్ మీద పడ్డాడు. దాని పొట్ట చీల్చి తీగల్ని పేగుల్లా లాగాడు. ప్లాస్టిక్ తలను గోడకేసి కొడితే రెండు చెక్కలైంది. ఇంకా ఏం మిగిలిందా అని చుట్టూ చూశాడు.

టెక్నీషియన్ పాక్కుంటూ వెళ్లి పెట్టెను పొట్ట కిందికి లాక్కున్నాడు.

"ఇదొక్కటి వదిలెయ్ అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా! మిషన్ పోతే పోనీ. నీ బిడ్డకు ఎంత డోసు తగిలిందో చెప్పే సాక్షి ఇదే. తీసుకెళ్లి ఎవరిముందైనా పెట్టు, నేనూ వచ్చి చెబుతా."

రాడ్డు గాల్లో ఆగింది.

"అంకె ఇందులోనే ఉందా?"

"ఇందులోనే అన్నా."

"నువ్వు చూశావా?"

"చూడలేదు. చూసేలోపే నువ్వొచ్చావు."

"ఇంకెక్కడా లేదుగా?"

"మన బిడ్డల మీద ఒట్టు."

వాడు వంగి చెయ్యి చాపాడు. టెక్నీషియన్ ప్రాణం కుదుటపడి పెట్టె అందించాడు.

వాడు దాన్ని నేల మీద పెట్టి, పిండి పిండి అయ్యేదాకా దంచాడు. అడ్డం వెళ్లిన టెక్నీషియన్ వేళ్లు కూడా ఆ దంపుడులోనే నలిగిపోయాయి.

అతని కళ్లు మూతపడ్డాయి. స్పృహ పోయిందనుకున్నాడు వాడు. చెమట తుడుచుకుని, ఫోను చెవిన పెట్టుకుని, నెమ్మదిగా అడిగాడు:

"పెద్ద డాక్టరుగారూ, పని పూర్తయింది గానీ, పోలీసులు అడిగితే ఆ కూతురికి ఏం పేరు చెప్పమంటారు?"