రేపటిదాకా ఆపిన పిస్తోలు

దుకాణం తెరిచినవాడు ఎవరైనా బేరం రావాలనే కోరుకుంటాడు. ఆ శుక్రవారం దేవానందం మాత్రం పొద్దుగూకేదాకా ఎవరూ రాకపోతే చాలనుకున్నాడు.

సాయంత్రం లాంబ్రెట్టా స్కూటరొకటి వచ్చి ఆగింది.

ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళే రోడ్డు మీద దేవానందానిది గాలి తుపాకుల దుకాణం. జాతర్లలో బుడగలు కొట్టించేవాళ్ళకు తుపాకులు అమ్ముతాడు, చెడిపోతే బాగుచేస్తాడు. భార్య రూతు సీసం గుళ్ళలో సొట్టవి తీసేసి మంచివి డబ్బాల్లో పోస్తుంది. పోటీల్లో కాల్చే పిస్తోళ్ళు అలాంటి దుకాణంలో ఉండాల్సినవి కావు. డెబ్భైల మొదట్లో అవి డబ్బున్నా దొరికేవి కావు. నాచారం ఫ్యాక్టరీలో పనిచేసిన జర్మనీ ఇంజనీరు ఒకాయన స్వదేశం వెళ్తూ, అమ్మిపెట్టమని రెండు ఇచ్చిపోయాడు.

స్కూటర్ దిగినాయన పేరు గంగాధరరావు. ఉప్పల్ రోడ్డులోని ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు. తన పిస్తోలు స్ప్రింగు పొద్దున విరిగిందట. తెల్లవారితే రాష్ట్ర జట్టుకు సెలక్షన్. మిగిలింది ఒక్క చోటు, పోటీలో ఇద్దరు. ఇద్దరి స్కోరూ సమానం కావడంతో మళ్ళీ కాల్చాలన్నారు. ఆ రెండో మనిషి వేరే రోజు కాల్చడం వల్ల ఈయన ఆ స్కోరు విన్నాడే గాని మనిషిని చూడలేదు.

ఆ పిస్తోళ్ళు ఇక్కడున్నాయని ఇంజనీరు డ్రైవరే చెప్పాడట. ఇక లేవనడానికి వీల్లేదు.

దేవానందం రెండూ తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి నికెల్ పూతతో అద్దంలా మెరుస్తోంది. రెండోది నల్లది, చూపుకు ఆనదు. మెరిసేదాన్ని ముందుకు జరిపాడు. సగం బేరం మెరుపే చేసిపెడుతుందని అంగడివాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఇది తీస్కోండ్రి సార్. మస్తుంటది."

గంగాధరరావు మెరుపుకు లొంగే మనిషి కాదు. పెరటి గోడకు అట్ట కట్టించుకుని రెండింటినీ కాల్చి చూశాడు. మెరిసేదాని ట్రిగ్గర్ ఇసుకలో కాలు ఈడ్చినట్టు కదిలింది, గుండు వెళ్ళినప్పుడల్లా చెయ్యి ఎగిరింది. నల్లదాని ట్రిగ్గర్ నొక్కినట్టే తెలియలేదు. గుండు వెళ్ళాక కూడా గురిచూసే సైటు ఉన్నచోటే ఉంది.

"నాకు ఇదే కావాలి," అన్నాడు నల్లదాన్ని వదలకుండా.

దేవానందం అడ్డం వచ్చాడు. "అది రేపటిదాంక ఆపమన్నరు సార్, ఒకరు."

"బయానా ఇచ్చారా?"

ఇచ్చారనొచ్చు. చిన్న అబద్ధం, ఖర్చు లేనిది. కానీ రూతు గుళ్ళు ఏరడం ఆపి తలెత్తింది. ఆమె వింటుండగా అబద్ధమాడి నిలబెట్టుకున్న రోజు అతనికి లేదు.

"లేదు సార్. నోటిమాటనే."

"అయితే అమ్మకానికి ఉన్నట్టేగా. వాళ్ళెవరో చెప్పండి, నేనే వెళ్ళి అడుగుతాను."

దేవానందం లోపలే లెక్క వేసుకున్నాడు. సరుకు పరాయివాడిది. అడిగిన ధర ఇస్తానన్నవాణ్ణి పంపేస్తే ఇంజనీరు నమ్మకం పోతుంది. అమ్మితే ఆపుతానన్న మాట పోతుంది. ఎటు తూచినా తరుగు తనకే.

"పిడి సూడుండ్రి సార్," అన్నాడు చివరి ఆశగా. "కట్టె అరగదీసిన్రు. మీ చేతికి నిండదు."

అది నిజం. ఆ కట్టెపిడిని ఎవరి చేతికో కుదిరేలా ఆకురాయితో సన్నం చేశారు. గంగాధరరావు గుప్పిట్లో వదులుగా తిరుగుతోంది. మణికట్టు అటూ ఇటూ తిప్పి పట్టుకుని చూశాడు. ముఖం వాడిపోయింది. నల్లదాన్ని బల్ల మీద పెట్టి, ఇష్టం లేకుండానే మెరిసేదాన్ని అందుకున్నాడు.

దేవానందానికి ఊపిరి తిరిగింది. చుట్టి ఇవ్వడానికి గుడ్డ కూడా తీశాడు.

అంతలో గంగాధరరావు రూతు వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పండి. మీ తమ్ముడికైతే ఏది ఇస్తారు?"

కొనేవాడు ఏరుకుంటే తప్పు కొనేవాడిది. ఏరి ఇమ్మంటే తప్పు అమ్మేవాడిది. ఆ లెక్క రూతుకు నేర్పింది దేవానందమే. ఇప్పుడు వద్దని కళ్ళతోనే బతిమాలాడు. ఆమె అతని వైపు చూడలేదు.

గాయాలకు వేసే ప్లాస్టర్ గుడ్డ తెచ్చి, నల్లదాని పిడికి చుట్టసాగింది. కొంత చుట్టడం, ఆయన చేతికిచ్చి "ఇంకా వదులున్నదా సార్?" అని అడగడం, మళ్ళీ తీసుకుని చుట్టడం. ఆఖరికి పిడి ఆయన గుప్పిట్లో పోతపోసినట్టు కూర్చుంది.

"ఇదే తీస్కపోండ్రి," అంది.

"మరి ఆపమన్నవాళ్ళు?"

"వాళ్ళకు నేను జెప్పుకుంట. మీరు ఫికర్ జేయకుండ్రి."

దేవానందం నోరు తెరవబోయాడు. రూతు తన ముందున్న డబ్బా అతని వైపు తోసింది. "సార్‌కు గుళ్ళు గూడ ఈ డబ్బాలకెల్లే ఇయ్యి. ఏరినవి."

దేవానందం సగమే పోశాడు.

స్కూటర్ వెళ్ళిపోయింది. గాజుబల్ల మీద మెరిసే పిస్తోలు ఒక్కటే మిగిలింది.

"బుద్ధున్నదా నీకు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఏమీ చేయలేకపోయిన మనిషి నీరసం ఉంది.

"అడిగినంక ఏం జెప్పాలె మరి?" అంది రూతు.

మర్నాడు పొద్దున గంగాధరరావు నల్ల పిస్తోలుతో సెలక్షన్ కి వచ్చి నిలబడేసరికి, పక్క బల్ల దగ్గర మెరిసే పిస్తోలు చేతబట్టుకుని, ఆ ఒక్క చోటు కోసం అప్పటికే సిద్ధంగా ఉన్న రెండో మనిషి రూతు.