పన్నెండో అర్జీ

"కేశవయ్య శెట్టికి రెండు వందల పదమూడు. బాలస్వామికి ఒకటి" అని ఎన్నికల ఆఫీసరు రెండు పెట్టెలూ బోర్లించి చూపించాడు.

ఒకటా! సత్రం వరండాలో నిలబడిన బాలస్వామికి చెవులు గుయ్యిమన్నాయి. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి దిగిపోయిన అయ్యవారు ఆయన. బోర్డు మెంబరును ఎన్నుకోవడానికి అందరిచేతా చేతులెత్తిస్తే, శెనక్కాయలు కొనే శెట్టి ఎదురుగా కూర్చుని చూస్తుంటే, పేదవాడి చెయ్యి ఎట్లా లేస్తుందని కడప కలెక్టరుకు పదకొండు అర్జీలు రాసింది ఆయనే. చాటుగా ఓటు వేసే పెట్టెలు ఊరికి తెప్పించిందీ ఆయనే. పెట్టెలు వస్తే ఊరంతా తన వెనకే ఉంటుందని ఎంత నమ్మాడో, పిచ్చి మారాజు!

పోనీ, ఆ ఒక్కటీ ఆయనది కాదు. ఎవరి పలక వాళ్లే దిద్దుకోకూడదని పిల్లలకు చెప్పిన నోటితో తనకు తాను ఓటు వేసుకోవడానికి సిగ్గుపడ్డాడు. తన చీటీ తీసుకెళ్లి శెట్టి పెట్టెలోనే వేసి వచ్చాడు.

అంటే ఊళ్లో తనవాడు ఒకడున్నాడు. ఎవడు?

వీధిలోకి రాగానే పెద్దన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ఒకటి నాదే అయ్యోరా. మా తమ్ముడు యాడేసినాడో నాకు తెలీదు."

సందు మలుపులో నరసన్న ఒట్టు పెట్టుకున్నాడు. చర్చి దగ్గర రాహేలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మా ఇంటాయన వేసిందే అది. నిన్ను ఇడిసిపెడతామా అయ్యోరా?"

ఇల్లు చేరేసరికి ఆ ఒక్క ఓటుకు పద్నాలుగు మంది సొంతదారులు తేలారు.

తలుపు దగ్గరికి వేసి మంచం మీద కూర్చుంటే ఏడుపు తన్నుకొచ్చింది. భార్య పోయినప్పటినుంచీ ఊరే తన ఇల్లనుకుని బతికాడు పాపం. ఇప్పుడు ఊరంతా కలిసి ఒక్క మనిషి అయింది. ఆ ఒక్కడి మొహమైనా తెలియకపోతే ఎట్లా?

కాగితం తీశాడు. "మహారాజశ్రీ కలెక్టరు దొరగారి సముఖమునకు. పెట్టెల పద్ధతి రద్దు చేసి, మునుపటివలెనే చేతులెత్తించవలెనని నా ప్రార్థన..."

పొద్దు వాలుతుండగా కేశవయ్య వచ్చాడు. మెడలో దండ ఇంకా తీయలేదు. వెంట ఎవరూ లేరు.

"రా శెట్టీ, కూచో. గెలిస్తివి, సంతోషం" అన్నాడు బాలస్వామి కళ్లు తుడుచుకుంటూ.

కేశవయ్య కూర్చోలేదు. మంచం మీది కాగితం తీసి కూడబలుక్కుంటూ చదివాడు. "ఇదేంది అయ్యోరా? నువ్వు కొట్లాడి తెచ్చిన పెట్టెలు నువ్వే తీసెయ్యమంటాండావు?"

"నాకు ఓటేసినోడెవడో ఒక్కసారి చూడల్ల శెట్టీ. చెయ్యి పైకి లేస్తే కండ్లకు కనపడతాది. పోయి దండం పెట్టుకుంటా. అంతకన్నా నాకేం వద్దు."

"ఇది పంపాకు. చేతులెత్తమంటే ఆ ఒక్కటీ రాదు నీకు."

"ఏం, నీకు బయపడి ఎత్తడా?"

"నాకు గాదు, ఊరికి బయపడి." కేశవయ్య వీధి వైపు తొంగిచూసి గొంతు తగ్గించాడు. "నా బిడ్డలకు అచ్చరం నేర్పినోడివని నీ పెట్టెలో వేస్తిని గాని, నలుగురి ముందర నీకు చెయ్యెత్తే ధైర్యం నాకు యాడుండాది అయ్యోరా?"